గోడ వార పూలమడిలో మొండి కలుపు: గుర్తుపట్టడం, పీకడం, మళ్ళీ రాకుండా చూడటం

మృగశిర కార్తెకు చేపల కూర తిన్న పది పదిహేను రోజులకల్లా హైదరాబాద్‌లో ఏ ఇంటి కాంపౌండ్ గోడ వార చూసినా పచ్చబడి ఉంటుంది. మందారం మొదట్లో, నూరు వరహాల మధ్య, పేవర్ రాళ్ళ సందుల్లో, ఏసీ నీళ్ళు కారే మూలలో కూడా. మనం నాటినవి నాలుగైతే నాటనివి నలభై. వాటిలో చాలా వరకు రెండు వేళ్ళతో లాగితే వచ్చేస్తాయి. రాని వాటి గురించే ఇదంతా.

మాది మల్కాజిగిరి వైపు ఒక పాత కాలనీ. గేటు నుంచి బోరు దాకా గోడ వెంట ముప్పై అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు పూలమడి ఉంది. ఆరేళ్ళ కింద మట్టి చాలడం లేదని ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి తోలించాను. చూడటానికి కుంకుమలా ఉంది. అక్కడక్కడా గోళీకాయంత నల్లటి గడ్డలు కనిపిస్తే గులకరాళ్ళు అనుకున్నాను. తొలకరి పడ్డాక తెలిసింది, అవి తుంగ గడ్డలని. ఒక ఆదివారం కోపం వచ్చి గడ్డపారతో మడి మొత్తం ఎడాపెడా తవ్వేశాను. సాయంత్రానికి నడుం పట్టేసింది, మడి మాత్రం నున్నగా ఉంది. మూడు వారాలు తిరక్కుండా మునుపటికి మూడింతలు మొలిచింది.

అప్పుడప్పుడూ పనికి వచ్చే మాలి తాత అది చూసి నవ్వాడు. "గడ్డపారకు వంగేది కాదమ్మా ఇది. నువ్వు కొట్టిన దెబ్బకు ఒక్కటి నాలుగైతది. ముందుగాల దాని వేరు ఎట్లున్నదో చూస్కోవాలె" అన్నాడు. నేను ఈ ఆరేళ్ళలో నేర్చుకున్నదంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. కలుపును ఆకు చూసి గుర్తుపట్టండి, వేరు చూసి పద్ధతి ఎంచుకోండి. అన్నిటినీ ఒకే రకంగా పీకితే కొన్ని చస్తాయి, కొన్ని మాత్రం మనం సేవ చేశామనుకుంటాయి.

మొదటి పని: ఒక్కోటి పీకి పేపర్ మీద పరచండి

వాన పడ్డ మర్నాడు, మట్టి మెత్తగా ఉన్నప్పుడు, మీ మడిలో కనిపించే ప్రతి రకం నుంచీ ఒక్కో మొక్కను కుర్పీతో (కలుపు తీసే చిన్న చేతి పనిముట్టు) వేరు తెగకుండా తీయండి. బకెట్ నీళ్ళలో జాడించి పాత న్యూస్‌పేపర్ మీద వరుసగా పెట్టండి. పేర్లు తెలియకపోయినా పర్వాలేదు, వేర్లు మాత్రం చూడండి.

నిలువుగా ఒకే వేరు ఉండి పక్కన సన్నని పీచు ఉంటే అది విత్తనంతో వచ్చిన మొక్క. వేరుతో సహా లాగితే అంతటితో పని అయిపోయినట్టే. పాకే కాడకు కణుపు కణుపుకూ వేర్లు ఉంటే ఆ కాడలో ప్రతి ముక్కా మళ్ళీ మొక్క అవుతుంది. వేరు చివర గడ్డ వేలాడుతున్నా, గడ్డ ఉండాల్సిన చోట దారం తెగినట్టు కనిపించినా అది తుంగ. దాని తల్లి ఇంకా లోపలే ఉంది.

తుంగ: అన్నిటికీ పెద్దమ్మ

గడ్డిలా కనిపిస్తుంది గానీ తుంగ గడ్డిజాతి కాదు. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది. తుంగ కాడకు మూడు అంచులు తగులుతాయి. ఆకులు కూడా మూడు వైపులకే చీలి ఉంటాయి, నిగనిగలాడుతూ ముదురు ఆకుపచ్చగా. పూత వస్తే ఎర్రటి గోధుమ రంగు కంకి గొడుగు పుల్లల్లా విచ్చుకుంటుంది. ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు ఏదని లెక్క వేసిన శాస్త్రవేత్తలు మొదటి స్థానం దీనికే ఇచ్చారు. నాకైతే ఆశ్చర్యం వేయలేదు.

నేల కింద దీని సంసారం వేరు. ఒక మొక్క నుంచి తెల్లటి దారాలు బయల్దేరతాయి. దారం చివర ఒక గడ్డ, ఆ గడ్డ నుంచి ఇంకో దారం, దాని చివర ఇంకో గడ్డ. అలా గొలుసులా సాగుతాయి. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం ఒకటి రెండు గడ్డలే మొలుస్తాయి, మిగతావి పడుకుని ఉంటాయి. గడ్డపారతో గొలుసు తెంపితే పడుకున్నవన్నీ లేచి కూర్చుంటాయి. ఆ ఆదివారం నేను చేసిన ఘనకార్యం అదే.

ఎక్కువ గడ్డలు పైన జానెడు లోతులోనే ఉంటాయి. కొన్ని అడుగు దాకా, అంతకంటే లోతుకూ వెళ్తాయి. కొత్త మొలక మట్టి పైకి వచ్చిన సుమారు మూడు వారాలకు కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా అది పాత గడ్డలోని నిల్వ తింటూ బతుకుతుంది. అంటే మూడు వారాల లోపే పైభాగాన్ని తీసేస్తే పాత గడ్డ ఖర్చు పెట్టుకుంటుంది గానీ కొత్తది కూడబెట్టుకోలేదు. దీన్ని గెలిచే దారి ఇదొక్కటే.

మడి ఖాళీగా ఉంటే, లేదా బంతి, చామంతి లాంటి ఏటా కొత్తగా నాటే మొక్కలు మాత్రమే ఉంటే ఇలా చేయండి:

1. మడిని మూడేసి అడుగుల ముక్కలుగా అనుకోండి. రోజుకు ఒక ముక్క చాలు. మొత్తం ఒకేసారి మొదలుపెడితే రెండో గంటకే మొరటుగా పీకడం మొదలవుతుంది.

2. మొక్కకు నాలుగు వేళ్ళ దూరంలో కుర్పీని నిలువుగా దించి, మట్టిని కింది నుంచి పైకి లేపండి. కాడ పట్టుకుని లాగొద్దు. కాడ వస్తుంది, గడ్డ రాదు.

3. తెల్ల దారం కనిపిస్తే దాని వెంటే వెళ్ళండి, తెగిపోతే తెగిన చోట వేలితో వెతకండి. కాస్త విసుగు పనే. రేడియో పెట్టుకోండి.

4. పైన జానెడున్నర మట్టిని మేస్త్రీలు ఇసుక జల్లించే జల్లెడలో వేసి జల్లించండి. మట్టి తడిగా ఉంటే జల్లెడ దిగదు కాబట్టి ఒక పూట ఆరనిచ్చి జల్లించండి. మొదటి మూడు అడుగుల ముక్కలోనే నాకు పావు బకెట్ గడ్డలు వచ్చాయి.

5. తీసిన గడ్డల్ని డాబా మీద సిమెంటు గచ్చుపై పలచగా ఆరబోయండి. రెండు వారాల ఎండ తగిలితే వక్కపొడి వక్కల్లా గట్టిపడి చస్తాయి. వానాకాలంలో ఆ ఎండ దొరకదు. అప్పుడు నల్ల కవర్లో కట్టి చెత్త ఆటోకే ఇచ్చేయండి. కంపోస్టులో మాత్రం వేయొద్దు.

6. ఇక్కడి నుంచే అసలు పని. పది పన్నెండు రోజులకొకసారి మడి అంతా చూసి, కొత్తగా వచ్చిన ప్రతి తుంగ మొలకనూ నాలుగైదు ఆకులు రాకముందే తీసేయండి. తేదీ మర్చిపోతారు, క్యాలెండర్ మీద రాసుకోండి. నేను పాల లెక్క రాసే గడిలోనే "తుం" అని రాసుకునేదాన్ని.

మందారం, నందివర్ధనం, గన్నేరు లాంటి పెద్ద మొక్కలు నిలదొక్కుకున్న మడి అయితే జల్లెడ జోలికి పోకండి. వాటి వేర్లు తెగి మొక్కే వాడిపోతుంది. అక్కడ ఆరో పనొక్కటే చేయండి. మొలక వచ్చిందల్లా మట్టికి రెండంగుళాల కింద కుర్పీతో కోసేయడమే. కనీసం రెండు వానాకాలాలు పడుతుంది. మొదటి ఏడాది ఏమీ తగ్గినట్టు అనిపించదు, ఆ టైమ్‌లోనే చాలామంది వదిలేస్తారు. రెండో ఏడు ఆగస్టుకు మా మడిలో మొలకలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి.

ఒక్క చోట మాత్రం తుంగ అందరినీ మోసం చేస్తుంది. అది లిల్లీ దుబ్బు. లిల్లీ ఆకూ తుంగ ఆకూ సన్నగా ఒకేలా ఉంటాయి, నేల సంపెంగ పక్కనా అంతే. దుబ్బులో అనుమానం వస్తే మొత్తం దుబ్బును పెకిలించి బకెట్‌లో కడగండి. లిల్లీ దుంప ఉల్లిపాయలా పొరలు పొరలుగా, తెల్లగా ఉంటుంది. తుంగ గడ్డ నల్లగా, గట్టిగా, పీచుతో ఉంటుంది, గోటితో గిల్లితే మంచి సువాసన వస్తుంది. ఆయుర్వేదంలో తుంగముస్తలు అంటారు చూడండి, అవి ఇవే. వాసన బాగుందని జాలి పడకండి.

గరిక

గరిక వినాయకుడికి ప్రీతి, అందుకే దాన్ని తిట్టడానికి నాకు కాస్త మొహమాటం. చవితి పూజలో ఇరవై ఒక్క పత్రిలో గరిక ఉంది, ఉత్తరేణి కూడా ఉంది. ఉత్తరేణి సైతం గోడ వార కలుపే, అదీ బట్టలకు గింజలు అంటించి పంపించే రకం. గరికను ఒక కుండీలో పెంచుకోండి, పండక్కి పనికొస్తుంది. మడిలో మాత్రం ఉండనివ్వకండి.

గరిక రెండంతస్తుల్లో పాకుతుంది. పైన ఆకుపచ్చ తీగ, కింద మట్టిలో తెల్లగా, సూది మొనతో పాకే కాండం. పైతీగ లాగి సంతోషపడితే కిందది అలాగే ఉంటుంది. తడి మట్టిలో మడుల ఫోర్కు గానీ చిన్న గడ్డపార గానీ వాలుగా దించి, మట్టిని లేపి, కాడను మెల్లగా దువ్వినట్టు బయటికి లాగండి. ఇక్కడ పారతో నరకడం మంచిది కాదు. నరికిన ప్రతి ముక్కలో కణుపు ఉంటే అది కొత్త గరికే. తీసిన ముక్కల్ని మడి పక్కన పడేయకుండా వెంటనే తట్టలో వేసుకోండి, రాత్రి వాన పడితే పొద్దున్నకు వేళ్ళు పట్టేస్తాయి.

దీనికి ఒక బలహీనత ఉంది. నీడ పడదు. మడిలో మొక్కలు గుబురుగా పెరిగి నేల కనిపించకుండా కప్పేస్తే గరిక సన్నబడుతుంది. అందుకే ఖాళీగా ఉన్న జాగాను ముందు కప్పుకోవాలి.

ఇంకోటి, గరిక చాలా వరకు మన మడిలో పుట్టదు, పక్క నుంచి వస్తుంది. లాన్ నుంచో, గేటు బయట ఫుట్‌పాత్ నుంచో. దానికి హద్దు కట్టాలి. మన ఊళ్ళో ఇందుకు మంచి వస్తువు ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాద్ బండ ముక్కలు, లేకపోతే తాండూరు బండ. అడుగు వెడల్పు పట్టీలుగా కోయించి, మడి అంచు వెంట పది అంగుళాలు లోపల, రెండంగుళాలు బయట ఉండేలా నిలబెట్టి పాతండి. రెండు బండలు కలిసే సందులో సిమెంటు పూయండి, లేదా ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా పెట్టండి. ప్లాస్టిక్ అంచులు కూడా దొరుకుతాయి గానీ మన ఎండకు నాలుగేళ్ళలో పెళుసెక్కుతాయి. బండ పాతిన తర్వాత పైనుంచి దాటి వచ్చే తీగను వారానికోసారి కత్తిరిస్తే చాలు.

వయ్యారిభామ: చేతులకు గ్లౌజులు లేకుండా ముట్టొద్దు

ఖాళీ ప్లాట్లు ఎక్కడుంటే అక్కడ వయ్యారిభామ ఉంటుంది. పక్క ప్లాటు ఖాళీగా ఉంటే మీ మడిలోకి రాకుండా ఉండదు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1950ల నడుమ పుణె దగ్గర గుర్తించారు. తర్వాత దేశమంతా అదే.

చిన్నప్పుడు నేలకు అంటుకుని, చామంతి ఆకులా చీలికలు చీలికలుగా గుండ్రంగా పరుచుకుంటుంది. పెద్దదయ్యాక నడుమెత్తు పెరిగి చిన్న చిన్న తెల్ల పూలు గుత్తులుగా వస్తాయి. దీన్ని మాచిపత్రి అనుకుని పూజకు కోసుకొచ్చిన వాళ్ళను నేను చూశాను. తేడా తెలియకపోతే ఆకు నలిపి వాసన చూడొద్దు, చర్మానికి పడదు. చాలామందికి దద్దుర్లు, దురదలు వస్తాయి. పుప్పొడి గాల్లో ఉంటే తుమ్ములు, ఆయాసం. ఆస్తమా ఉన్నవాళ్ళు ఈ పని వేరే వాళ్ళకు అప్పజెప్పండి.

మంచి సంగతి ఏమిటంటే దీనికి గడ్డా లేదు, పాకే కాడా లేదు. ఒకే వేరు. తడి మట్టిలో లాగితే మొత్తం వచ్చేస్తుంది. చెడ్డ సంగతి, ఒక్క మొక్క 15,000కు పైగా విత్తనాలు రాల్చగలదు. కాబట్టి పూత రాకముందే తీయాలి. జూన్ చివర ఒకసారి, ఆగస్టులో ఒకసారి, మళ్ళీ దసరా వానల తర్వాత ఒకసారి తీస్తే మడి వరకు సరిపోతుంది. రబ్బరు గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు వేసుకోండి. అప్పటికే పూసి ఉంటే, ముందు ఆ మొక్క తలకు కవర్ తొడిగి, కవర్ మూతి బిగించి, అప్పుడు పీకండి. కోసి వదిలేస్తే మిగిలిన మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది, అందుకని కత్తిరింపు మిషన్‌తో కొట్టేయడం వల్ల లాభం లేదు.

వీలైతే నలుగురూ కలిసి పక్క ప్లాటులోనూ తీయండి. గోడ ఇటువైపు మాత్రమే తీస్తే గాలి ఊరుకోదు.

కూరకొచ్చేవి, కాలికి గుచ్చేవి

గంగవాయిలి కూర గురించి తెలంగాణలో చెప్పక్కర్లేదు. పప్పులో వేస్తే పుల్లగా బ్రహ్మాండంగా ఉంటుంది. ఎర్రటి నున్నటి కాడ, మందపాటి చెంచాలాంటి ఆకు, పసుపు పువ్వు. ఒక్క జాగ్రత్త. దానిలాగే నేల మీద పరుచుకునే నానుబాలు జాతి మొక్కలు ఉంటాయి. కాడ తుంచి చూడండి, తెల్లటి పాలు కారితే అది గంగవాయిలి కాదు, కూరలో వేయొద్దు. ఆ పాలు కంట్లో పడినా మంటే. అలాగే కుక్కలు తిరిగే చోటు నుంచి, మందు కొట్టిన చోటు నుంచి ఏ ఆకూ కోసుకోవద్దు. పీకిన గంగవాయిలిని మడి మీదే వదిలేస్తే ఆ నీటి కాడలతోనే రోజుల తరబడి బతికి మళ్ళీ వేరు పడుతుంది.

తుమ్మికూర మొలిస్తే నేను పీకను. వినాయక చవితి నాటికి కోసుకుంటాను.

వెన్నదేవికూరను చూసి ముచ్చటపడతారు, నీలం పువ్వు చిన్న సీతాకోకచిలుకలా ఉంటుంది. ఇది కణుపు కణుపుకూ వేరు పడుతుంది, పైగా మట్టి లోపల కూడా పువ్వులు పూసి అక్కడే గింజ కడుతుంది. లాగినప్పుడు తెల్లటి కాడలు మట్టిలోంచి వస్తే అవే. వాటిని కూడా ఏరేయండి.

పులిచింతాకు గుండె ఆకారంలో మూడు ఆకులతో, చిన్న పసుపు పువ్వులతో కుండీల్లోనూ మడి అంచుల్లోనూ ఉంటుంది. కాయ ముదిరితే ముట్టుకున్నా పగిలి గింజలు చిమ్ముతుంది. కాయ పడకముందే తీస్తే పదిహేను నిమిషాల పని, ఆలస్యమైతే ఏడాదంతా పని. గడ్డిచామంతి పెద్ద సమస్య కాదు, పూవు ఎండి దూదిలా ఎగరకముందు లాగేయండి. పల్లేరును మాత్రం పిల్లలు తిరిగే ఇంట్లో ఒక్కటి కూడా ఉంచొద్దు. దాని కాయ ముల్లు చెప్పులోంచి దిగుతుంది. తీగను మధ్యలో పట్టుకోకుండా అన్ని వైపుల నుంచీ లోపలికి చుట్టి, నడిమి వేరు దగ్గర కోసి తీయండి. రాలిన కాయల్ని ఏరడానికి పాత గోనెసంచి నేల మీద పరిచి అదిమితే దానికి గుచ్చుకుని వస్తాయి.

గోడలో రావి, కంచె మీద బంగారు తీగ

పక్షులు వేసిన గింజ నుంచి కాంపౌండ్ గోడ పగుళ్ళలో రావి మొలుస్తుంది. జానెడు ఉన్నప్పుడు పగులులో నీళ్ళు పోసి, అరగంట ఆగి, స్క్రూడ్రైవర్‌తో వేరు కదిలించి తీస్తే వస్తుంది. రావిని నరకొద్దని ఇంట్లో పెద్దవాళ్ళు అంటే, ఆ వయసులోనే వేరుతో తీసి గుడి ఆవరణలోనో ఖాళీ స్థలంలోనో అడిగి నాటండి. ఎవరికీ బాధ ఉండదు. పగులును సిమెంటుతో పూడ్చడం మర్చిపోకండి. రెండేళ్ళు వదిలేస్తే ఇక మొక్క కాదు, మేస్త్రీ ఖర్చు.

సుబాబుల్ మొలకలు చింత మొలకల్లా ముద్దుగా ఉంటాయి. నాలుగు నెలలకే వేరు చాలా లోతుకు పోతుంది. కోస్తే దుబ్బుగా చిగురిస్తుంది. చూసిన రోజే లాగండి.

డ్యూరాంటా కంచె మీద పసుపు రంగు దారాలు చిక్కుపడినట్టు కనిపిస్తే అది బంగారు తీగ. ఆకూ ఉండదు, మొక్కను పట్టుకున్నాక నేలలో వేరూ ఉండదు. మొక్క రసం పీల్చి బతుకుతుంది. దారాలు లాగి తీయాలని చూడకండి, చిన్న ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది. అది పట్టిన కొమ్మల్ని పట్టిన చోటికి జానెడు కిందికి కత్తిరించి, నేల మీద రాలనీయకుండా సంచిలో వేసేయండి. కంచె కొన్నాళ్ళు బోడిగా ఉంటుంది, తర్వాత చిగురిస్తుంది.

ఎప్పుడు, దేనితో

పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు మంచి సమయం. ఎర్రమట్టి అయితే వాన పడ్డ మర్నాడే పని చేయొచ్చు. నల్లరేగడి ఉన్న చోట రెండు మూడు రోజులు ఆగాలి, లేకపోతే కుర్పీకి బంకలా అంటుకుని నేల గట్టిపడుతుంది. పిడికెడు మట్టి ముద్ద చేసి బొటనవేలితో నొక్కండి. పొడిపొడిగా విడిపోతే సరైన తడి.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ఒక సన్న మొన కుర్పీ, ఒక చిన్న గడ్డపార, కొమ్మల కత్తెర, తట్ట. బేగంబజార్‌లో ఇనుప సామాను దుకాణాల్లో కొలిమిలో కాల్చి చేసిన కుర్పీ దొరుకుతుంది. మెరిసే స్టీలు సెట్లకన్నా అదే నయం, ఆ సెట్టు కుర్పీ మెడ మా ఎర్రమట్టిలో రెండో రోజే వంగింది. వానాకాలంలో గుబురులో చెయ్యి పెట్టేముందు కర్రతో తట్టి చూడండి, కాళ్ళకు బూట్లు వేసుకోండి. జెర్రులు, తేళ్ళు, ఒక్కోసారి పాములూ ఉంటాయి.

పీకాక కప్పడం

నేల బోడిగా వదిలితే వారంలో మళ్ళీ మొలుస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న అట్టపెట్టెలు ఇంట్లో పేరుకుని ఉంటాయి కదా. టేపులు పీకేసి, విప్పి, ఒకదాని మీద ఇంకోటి అరడుగు ఎక్కేలా మొక్కల మధ్య పరచండి. బాగా తడపండి. పైన మూడంగుళాల మందాన ఎండాకు వేయండి. వేపాకు, కానుగాకు, కొబ్బరి పీచు ఏదైనా సరే. మొక్క కాండానికి రెండు మూడంగుళాల జాగా వదలండి, లేకపోతే కుళ్ళుతుంది. ఇంటి గోడకు తగలకుండా అరడుగు వదలండి, చెదలకు అట్ట అంటే పండగ. వరిగడ్డి నాకు అంత ఇష్టం లేదు, దానిలో గింజలు ఉంటే కొత్త కలుపు మనమే తెచ్చినట్టు. నల్ల ప్లాస్టిక్ షీట్ తుంగ ముందు నిలవదు, సూదిలా పొడుచుకుని పైకి వస్తుంది.

మడి మొత్తం ఖాళీ చేయగలిగితే ఏప్రిల్, మే ఎండను వాడుకోండి. నేలను చదును చేసి, బాగా తడిపి, పారదర్శకమైన పలుచని పాలిథిన్ షీట్ నేలకు అంటుకునేలా పరిచి, అంచులన్నీ మట్టితో మూసేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు కదపొద్దు. నల్లది కాదు, పారదర్శకమైనదే కావాలి. ఎండ దానిలోంచి దిగి మట్టినే వేడెక్కిస్తుంది. పైపొరలో ఉన్న విత్తనాలు చాలా వరకు చస్తాయి. లోతుగా ఉన్న తుంగ గడ్డల మీద దీనికి అంత బలం లేదు.

ఉప్పు, మందు

ఉప్పు నేను వేశాను కాబట్టి చెబుతున్నాను. రాళ్ళుప్పు నీళ్ళలో కరిగించి తుంగ మీద పోశాను. ఆకులు మాడాయి. నెలకు తుంగ తిరిగి వచ్చింది, పక్కనున్న నందివర్ధనం రాలేదు. ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. వెనిగర్ కూడా పైఆకును మాత్రమే కాలుస్తుంది. పేవర్ రాళ్ళ సందుల్లో మొలిచే వాటికి మరిగే నీళ్ళు పోస్తే బాగా పని చేస్తుంది, మొక్కల వేర్లకు దూరంగా, చెప్పులు వేసుకుని.

కలుపు మందు గురించి అడుగుతారు. అందరూ చెప్పే గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. పైగా అది కలుపునూ మందారాన్నీ వేరుగా చూడదు, గాలికి ఒక తుంపర పడినా చాలు. పారాక్వాట్ అనే ఇంకో కలుపు మందును ఇంటి దరిదాపుల్లోకి రానివ్వకండి, పొరపాటున మింగితే దానికి విరుగుడు లేదు. రెండున్నర అడుగుల మడికి కుర్పీ సరిపోతుంది.

కొత్తది రాకుండా

మట్టి తోలించేటప్పుడు డ్రైవర్ దించేయకముందే రెండు మూడు చోట్ల చెయ్యి పెట్టి చూడండి. నల్ల గడ్డలు, తెల్ల కాడ ముక్కలు ఉంటే వద్దనండి. "అన్నా, ఇందులో తుంగ ఉంది" అంటే వాళ్ళకూ తెలుసు. పశువుల ఎరువు పచ్చిది వేస్తే గడ్డి గింజలు కూడా వస్తాయి, బాగా మాగినదే తీసుకోండి.

నర్సరీలో మొక్క కొనేటప్పుడు కవర్ పైమట్టి చూడండి. మొక్క పక్కనే నిగనిగలాడే సన్న ఆకులు మూడు వైపులకు విచ్చుకుని ఉంటే కాడను వేళ్ళ మధ్య దొర్లించండి. అంచు తగిలితే ఇంకో కవర్ ఇమ్మనండి. కనకాంబరం కోసం పోయినసారి వెళ్ళినప్పుడు అలా నాలుగు కవర్లు పక్కన పెట్టించాను. నర్సరీ అబ్బాయి కాసేపు చూసి, "మేడమ్, మీరు పువ్వు కూడా చూడరా?" అన్నాడు.